టూర్ డి ఫ్రాన్స్‌కు గైడ్‌గా వెళ్తే రేసు చూడొచ్చా? అడిగిన తమ్ముడికి కాస్త పొడుగు జవాబు

నీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో మళ్లీ చెప్తా, తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కదా. నువ్వు కొండాపూర్‌లో ఉంటావు, వీకెండ్‌లో గండిపేట వైపు సైకిల్ తొక్కుతావు. ఒక ట్రావెల్ కంపెనీ జులైలో ఫ్రాన్స్‌లో జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్ చూపించడానికి ఇక్కడి నుంచి ఇరవై మంది దాకా తీసుకెళ్తోంది, వాళ్లతో గైడ్‌గా రమ్మని నిన్ను అడిగింది. పని ఎలా ఉంటుంది, రేసు దగ్గర్నుంచి చూడొచ్చా, ఒప్పుకోవాలా వద్దా అన్నావు.

రెండోదానికి ముందు జవాబు చెప్పేస్తా తమ్ముడూ, ఎందుకంటే నీ హుషారంతా అక్కడే ఉంది. చూడలేవు. కొన్నేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని, మొదట అక్కడి కంపెనీల కింద, ఇప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లే గ్రూపులతో, అయినా ఆ రోజు ఎవరు గెలిచారో చాలాసార్లు నాకు రాత్రి హోటల్లో టీవీ చూస్తేనే తెలుస్తుంది. సైకిళ్లు వచ్చే ఆ నిమిషంలో గైడ్ మొహం రోడ్డు వైపు ఉండదు, తన మనుషుల వైపు ఉంటుంది. ఎవరు ముందుకు వంగుతున్నారు, ఎవరి చేతిలో సెల్ఫీ స్టిక్ ఉంది, పిల్లాడు ఎక్కడున్నాడు, ఇదే చూపు. పొగాచర్ లాంటి ఛాంపియన్ రైడర్ నీ వీపు వెనక నుంచి వెళ్లిపోతాడు, గాలి తగులుతుంది, అంతే. ఇది నీకు సరే అనిపిస్తే మిగతాది చదువు, లేదంటే కొంత డబ్బు దాచుకుని మామూలు ప్రేక్షకుడిగా వెళ్లిరా, హాయిగా ఉంటుంది.

ఇక పని. గైడ్ అనగానే చాలామంది సైక్లింగ్ చరిత్ర చెప్పడం అనుకుంటారు. అది బస్సులో ఓ అరగంట. మిగతాదంతా టైమ్ లెక్క. టూర్ అంటే 23 రోజుల్లో 21 స్టేజీలు (ఒక రోజు రేసును ఒక స్టేజీ అంటారు), మధ్యలో రెండు విశ్రాంతి రోజులు, మొత్తం సుమారు 3,400 కిలోమీటర్లు. రోజూ ఒక ఊళ్లో మొదలై ఇంకో ఊళ్లో ముగుస్తుంది. స్టేడియం లేదు, సీట్లు లేవు, రోడ్డు పక్కన నిలబడటానికి టికెట్టే లేదు, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నీ కంపెనీ బ్రోషర్‌లో రోడ్డు పక్క చోటుకి పాస్ ఇస్తామని రాసి ఉంటే ఆ పాస్ ఏంటో గట్టిగా అడుగు. రేసు నిర్వాహకులు అమ్మే వీఐపీ హాస్పిటాలిటీ వేరు, దానికి మెడలో కార్డు వేస్తారు. మామూలు రోడ్డు పక్క చోటు ఎవరి సొంతమూ కాదు, అమ్మడానికి కుదరదు. మరి నీ గ్రూపు వాళ్లు లక్షలు పోసి కొనేది ఏంటంటే, రోడ్డు మూసేలోపు సరైన చోట ఉండటం, రేసు అయ్యాక అక్కడి నుంచి క్షేమంగా బయటపడటం. ఆ రెండూ నీ నెత్తిమీదే ఉంటాయి.

ప్రతి స్టేజీకీ టైమ్ టేబుల్ ముందే ఇస్తారు. రూటులో ఏ ఊరికి, ఏ కొండ మీదికి రైడర్లు ఎన్నింటికి వస్తారో అందులో మూడు వరసల్లో ఉంటుంది, వేగంగా తొక్కితే ఇంత, మామూలుగా అయితే ఇంత, నెమ్మదిగా అయితే ఇంత అని. ప్రచార కారవాన్, అంటే రైడర్ల కంటే ముందు వెళ్లే స్పాన్సర్ల బండ్ల ఊరేగింపు, వచ్చే టైమ్‌కి ఇంకో వరస. ముందు రోజు రాత్రి నువ్వు కూర్చుని దాన్ని వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి. కొండ మీదికి రైడర్లు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో వస్తారనుకో, కారవాన్ దానికి సుమారు రెండు గంటల ముందు వస్తుంది, దానికీ ముందే బండ్లకు రోడ్డు మూసేస్తారు. పేరున్న కొండైతే పొద్దున్నే మూసేస్తారు, ఒక్కోసారి ముందు రోజు రాత్రే. ఎప్పుడు మూస్తారన్నది ఆ జిల్లా ప్రిఫెక్చర్ (మన కలెక్టర్ ఆఫీసు లాంటిది) ఉత్తర్వు ఇచ్చి వాళ్ల వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఫ్రెంచ్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకునైనా సరే అదే చదువు, ఫ్యాన్ పేజీల్లో రాసింది నమ్మకు. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ కార్ల రేసు కోసం నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ మూసినప్పుడు ఖైరతాబాద్‌లో ఎంత లొల్లి అయిందో చూశావుగా. అక్కడ ఇక్కడిలాగా తిరిగి వెళ్లడానికి పది గల్లీలు ఉండవు, కొండ ఎక్కడానికి ఉండేదే ఒక్క రోడ్డు, అది మూశాక పోలీసు బతిమాలినా వదలడు.

అందుకని పొద్దున్నే ఏడింటికి బస్సు అంటావు. అప్పుడు మొదలవుతుంది. సాయంత్రం వచ్చే రేసుకి పొద్దున ఏడింటికి ఎందుకు బాబూ, టిఫిన్ కూడా సరిగ్గా తిననివ్వవా అని పెద్దాయన ఒకరు, షాపింగ్ ఎప్పుడని ఇంకొకరు. దీనికి నా దగ్గరున్న మందు ఒక్కటే, హైదరాబాద్‌లో ఉండగానే జూమ్‌లో ఒక మీటింగ్ పెట్టి ఒక రోజు ఎలా గడుస్తుందో గంటగంటకీ చెప్పేయడం. ఆరేడు గంటలు రోడ్డు పక్కన కూర్చుంటారు, రేసు అరగంటలో అయిపోతుంది, అని ఆ మాటే అనాలి. అక్కడికి వెళ్లాక తెలిస్తే కోపం నీ మీద, ఇక్కడే తెలిస్తే వాళ్లే మడత కుర్చీలు కొనుక్కుని వస్తారు.

బస్సు డ్రైవర్ సంగతి కూడా మనవాళ్లకు అర్థం కాదు. యూరప్‌లో పెద్ద బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆపాలి, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు, రాత్రి విశ్రాంతికి కూడా ఇన్ని గంటలని ఉంటుంది. బండిలో ఉండే మిషన్ అంతా రికార్డు చేస్తుంది. ఇంకో అరగంట నడుపు అన్నా, ఓ ఇరవై యూరోలు ఇస్తాం అన్నా నడవదు. రేసు అయ్యాక ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుంటే ఆ టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది, కాబట్టి హోటల్ ఎంత దూరంలో ఉందన్నది చాలా పెద్ద విషయం. ఒక కంపెనీ, పేరెందుకులే, ఖర్చు తగ్గుతుందని ఫినిష్‌కి వంద కిలోమీటర్ల పైన ఎక్కడో హోటల్ తీసుకుంది. అర్ధరాత్రి పన్నెండున్నరకు చేరాం, వంటగది మూసేశారు, అందరికీ బ్యాగుల్లో మిగిలిన జంతికలే భోజనం.

ఏ చోట నిలబెట్టాలన్నది నీ చేతిలో ఉంటే, నా అభిప్రాయం చెప్తా. చదునైన స్టేజీ మధ్యలో ఎక్కడో పొలం గట్టు మీద నిలబెట్టకు. గంటకు 45 కిలోమీటర్ల పైన వస్తారు, మొత్తం గుంపు ఇరవై ముప్పై సెకన్లలో దాటిపోతుంది, ఏడు గంటలు కూర్చున్నవాడు అయిపోయిందా అని నీ మొహం చూస్తాడు. కొండ ఎక్కే చోటైతే ముందున్నవాళ్లకీ చివరివాళ్లకీ మధ్య అరగంట పైన తేడా ఉంటుంది, ఒక్కొక్కరి మొహం కనిపిస్తుంది. చివర్లో వచ్చే గుంపుని మనవాళ్లు పట్టించుకోరు, లేచి వెళ్లిపోదామంటారు, వెళ్లనివ్వకు. స్ప్రింటర్లు (చదును రోడ్డు మీద చివర్లో దూసుకెళ్లేవాళ్లు, కొండ ఎక్కలేరు), తమ టీము లీడర్ కోసం పొద్దుట్నుంచీ ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు, టైమ్ లిమిట్ దాటితే ఇంటికి పంపేస్తారన్న భయంతో తొక్కేవాళ్లు అందరూ అందులోనే ఉంటారు. అసలు కష్టం అక్కడ కనిపిస్తుంది, నెమ్మదిగా పోతారు కాబట్టి ఫొటోలూ బాగా వస్తాయి.

మొదటిసారి వచ్చేవాళ్లకు అన్నిటికన్నా మంచిది వ్యక్తిగత టైమ్ ట్రయల్. ఒక్కొక్కరే నిమిషం, రెండు నిమిషాల తేడాతో బయల్దేరతారు, ర్యాంకులో కింద ఉన్నవాళ్లు ముందు, ఎల్లో జెర్సీ, అంటే మొత్తం రేసులో అప్పటికి మొదటి స్థానంలో ఉన్నవాడు, చివర. మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు, మధ్యలో వెళ్లి కాఫీ తాగి రావచ్చు. ఆ తర్వాత స్టేజీ మొదలయ్యే ఊరు. టీముల బస్సులు వరసగా ఆగుతాయి, మెకానిక్‌లు సైకిళ్లు దింపి టైర్లలో గాలి చూస్తుంటారు, రైడర్లు సంతకం చేసే వేదిక దాకా జనం మధ్య నుంచే తొక్కుకుంటూ వెళ్తారు. ఫినిష్ లైన్ దగ్గర కంటే ఇక్కడ పది రెట్లు దగ్గరగా కనిపిస్తారు. ఫినిష్ దగ్గర ఏముంటుంది, బారికేడ్లు, మూడు వరసల జనం, ముందున్నవాడి టోపీ. అయినా అందరూ ఫినిష్ కావాలనే అడుగుతారు, ఒక రోజు చూపించు, రెండో రోజు వాళ్లే అడగరు.

ఆల్ప్ డుయెజ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే 2026 రూటులో అది వరసగా రెండు రోజులు ఉంది, ఆ కొండ కావాలని అడిగే గ్రూపులు ఎక్కువ. కింది నుంచి 13.8 కిలోమీటర్లు, సగటున 8 శాతం వాలు, 21 మలుపులు, మలుపులకు నంబర్లు పైనుంచి కిందికి ఉంటాయి, అంటే మొదట తగిలేది 21. ఏడో మలుపు డచ్ వాళ్లది, ఆరెంజ్ చొక్కాలు, బీరు, స్పీకర్లు, పొగ. కుర్రాళ్ల గ్రూపైతే జబర్దస్త్‌గా ఉంటుంది. పిల్లలు, అరవై దాటినవాళ్లు ఉంటే అక్కడ నిలబెట్టకు, కిందనే లా గార్డ్ ఊరి చుట్టుపక్కల చూడు, నీడ దొరుకుతుంది, జనం తక్కువ.

ఇప్పుడు ఈ పనిలో నన్ను నిజంగా టెన్షన్ పెట్టేది. ఫినిష్ లాంటి చోట్లు వదిలేస్తే, చాలాచోట్ల జనానికీ రైడర్లకీ మధ్య ఏమీ ఉండదు. తాడు కూడా ఉండదు. 2021లో మొదటి స్టేజీలోనే ఒకామె తాతకూ నానమ్మకూ అట్టముక్క మీద ఏదో రాసి, టీవీ కెమెరా వైపు తిరిగి, రోడ్డులోకి చాపింది. టోనీ మార్టిన్ అనే రైడర్ దానికి తగిలి పడ్డాడు, వెనక సగం గుంపు కూలిపోయింది, ఆమెకు కోర్టు 1,200 యూరోల జరిమానా వేసింది. 2018లో ఆల్ప్ డుయెజ్ మీద జనం మధ్య పడిపోయిన నిబాలికి వెన్నెముకలో ఎముక విరిగింది, అప్పటికే ఒకసారి టూర్ గెలిచినవాడు, ఇంటికి వెళ్లిపోయాడు. 2016లో మోన్ వెంటూ కొండ మీద జనం రోడ్డంతా నిండిపోయి మోటార్‌సైకిల్ ఆగిపోవడంతో ఎల్లో జెర్సీలో ఉన్న ఫ్రూమ్ దానికి గుద్దుకున్నాడు, సైకిల్ విరిగితే కొండ మీదికి కాలినడకన పరుగెత్తాడు. 2023లో ఒకాయన సెల్ఫీ కోసం చెయ్యి చాపితే సెప్ కుస్‌కి తగిలి ఓ ఇరవై మంది దాకా పడ్డారు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, నీ గ్రూపులో ఉండే మామూలు మనుషులే. అందుకే బస్సులో ఈ నాలుగూ చెప్తా, వీడియోలు చూపిస్తా, తర్వాత నా రూల్స్ చెప్తా. ఫోన్‌లో ఫొటో తియ్యి, కానీ మోచెయ్యి ఒంటికి ఆనించి తియ్యి. సెల్ఫీ తీసుకుంటే నీ వీపు రోడ్డు వైపు ఉంటుంది కాబట్టి సెల్ఫీ లేదు. జెండా కర్రకు కట్టొద్దు, రెండు చేతులతో ఛాతీ ముందు పట్టుకో. గొడుగు మూసెయ్యి. బ్యాగు, కెమెరా తాడు వేలాడనివ్వొద్దు. రైడర్‌ని తట్టొద్దు, పక్కన పరుగెత్తొద్దు. పిల్లలు పెద్దవాళ్ల ముందు ఉండాలి, పెద్దవాళ్ల చెయ్యి పిల్లల భుజం మీద ఉండాలి. ఒకరు వెళ్లిపోగానే రోడ్డు దాటొద్దు, ఎందుకంటే వెనక టీము కారు వస్తూనే ఉంటుంది, మోటార్‌సైకిళ్లు వస్తూనే ఉంటాయి. ఇది చెప్తే ఎవరో ఒకరు మమ్మల్ని స్కూలు పిల్లల్లా చూస్తున్నావని నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

కారవాన్ వచ్చినప్పుడు ఇంకో రకం ఆగమాగం. 1930 నుంచి ఉన్న ఆచారం ఇది, స్పాన్సర్ల బండ్లు రకరకాల బొమ్మలతో వరసగా వస్తూ టోపీలు, మిఠాయిలు, తాళం చెవుల గొలుసులు విసురుతాయి. కోటీశ్వరుడైనా సరే ఆ రెండు రూపాయల టోపీ కోసం గెంతుతాడు, ఆ అరగంట చూడటానికి సరదాగా ఉంటుంది కానీ బండ్లు ఆగవు, కింద పడ్డదాని కోసం ఎవరైనా రోడ్డు మీదికి వంగితే వెనక బండి చక్రం అక్కడే ఉంటుంది. పడింది పడనీ, బండ్లన్నీ పోయాక ఏరుకోవచ్చు. ఇంకో సంగతి, కొషొన్యూ అని ఎర్ర గళ్ల టోపీలు విసిరే బండ్ల నుంచి చిన్న ప్యాకెట్లు కూడా వస్తాయి. అవి పంది మాంసం సాసేజ్‌లు. మన గ్రూపుల్లో ముస్లింలు ఉంటారు, శాకాహారులు ఉంటారు, ప్యాకెట్ మీద ఫ్రెంచ్‌లో రాసి ఉంటుంది, చిప్స్ అనుకుని పిల్లలు చింపేస్తారు. ముందే చెప్పు. పక్కనున్న ఫ్రెంచ్ పిల్లలకు ఇచ్చేస్తే వాళ్లు బదులుగా మిఠాయి ప్యాకెట్ ఇస్తారు, ఆ బేరం ఎప్పుడూ కుదురుతుంది.

బాత్రూమ్ గురించి ఎవరూ అడగరు, అందరికీ కావాల్సింది అదే. కొండ మీద ఉండవు. మగవాళ్లు ఎలాగో చూసుకుంటారు, ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, ఎండలో మధ్యాహ్నానికి తల తిరిగి కూర్చుంటారు. నువ్వు చోటు ఎంచుకునేటప్పుడు దగ్గర్లో కేఫ్ ఉందా, ఊరి మేరీ (మున్సిపల్ ఆఫీసు) దగ్గర పబ్లిక్ టాయిలెట్ ఉందా అన్నదే మొదటి లెక్క కావాలి, వ్యూ తర్వాత. అదీ లేకపోతే క్యాంపర్ వ్యాన్‌లతో స్నేహం. రెండు మూడు రోజుల ముందే వచ్చి కొండ మీద మకాం వేసే ముసలి దంపతులు ఉంటారు, మడత బల్ల, బల్ల మీద గళ్ల గుడ్డ, రేడియో. వెళ్లగానే ముందు బోంజూర్ అనాలి, అది అనకుండా ఏది అడిగినా మొహం తిప్పుకుంటారు, పోలీసులతో కూడా ఇంతే. ఒకసారి మా గ్రూపులో వరంగల్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ సకినాల డబ్బా తీసుకుని అలాంటి ఒక వ్యాన్ దగ్గరికి వెళ్లి, ఒక్క ఫ్రెంచ్ ముక్క రాకుండా, పావుగంటలో ఆ ఇంటి ఆవిడతో కలిసి రోడ్డు మీద తెల్ల రంగుతో తెలుగులో వరంగల్ అని రాస్తోంది. ఆ రోజంతా మా ఆడవాళ్లకు ఆ వ్యాన్ తలుపు తెరిచే ఉంది. నేను ప్లాన్ చేసి ఉంటే అంత బాగా కుదిరేది కాదు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆవకాయ, గోంగూర, పులిహోర పేస్టు, జంతికలు, సకినాలు తీసుకెళ్లొచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు, పట్టుకుంటే పారేస్తారు, జరిమానా కూడా వేయొచ్చు. అందరూ తెచ్చుకుంటున్నారుగా అంటారు. పట్టుబడిన రోజు ఎయిర్‌పోర్ట్‌లో గంట సేపు నిలబడేది మాత్రం గ్రూపు మొత్తం. మన దగ్గర జులై అంటే వానాకాలం కాబట్టి, యూరప్ అంటే చలి కాబట్టి, అందరూ స్వెట్టర్లు వేసుకొస్తారు. లోయలో 35 డిగ్రీలు కాస్తుంది, అదే రోజు రెండు వేల మీటర్ల పైన వడగళ్లు పడతాయి. పల్చటి రెయిన్ జాకెట్, టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు, చెత్త కోసం ఒక కవరు, ఇవి లేకుండా బస్సు దిగనివ్వకు.

రేసు కూడా నీ మాట వినదు, అది కూడా ముందే చెప్పాలి. 2019లో తీన్య్ దగ్గర ముగియాల్సిన స్టేజీని మధ్యలోనే ఆపేశారు, వడగళ్లు, రోడ్డు మీద విరిగిపడిన మట్టి. ఇజెరాన్ కొండ మీద ఉన్న టైమ్‌లే లెక్కలోకి తీసుకుని బెర్నాల్‌కి ఎల్లో జెర్సీ ఇచ్చారు, స్టేజీ విజేత ఎవరూ లేరు. ఫినిష్ దగ్గర పొద్దుట్నుంచీ కూర్చున్నవాళ్లకు ఒక్క సైకిల్ కూడా రాలేదు. 2025లో ఆల్బర్‌విల్ నుంచి లా ప్లాన్య్ వెళ్లే స్టేజీలో ఒక కొండ దగ్గర పశువులకు చర్మవ్యాధి వచ్చిందని రూటు కోసేశారు, ఆ కొండ మీద బుక్ చేసుకున్నవాళ్ల గతి ఆలోచించు. కాబట్టి ఫలానా చోట ఫలానా టైమ్‌కి చూపిస్తాం అని కంపెనీ రాతలో హామీ ఇస్తే, తిట్లు తినేది నువ్వు. ఆ వాక్యం తీయించు.

రేసు అయ్యాకే అసలు పని మొదలవుతుందని నేను అంటుంటా. చివరి రైడర్ వెనక వచ్చే వ్యాన్ దాటగానే వేలమంది ఒకేసారి కిందికి దిగుతారు, నడిచేవాళ్లు, సైకిళ్ల మీద వాళ్లు, పిల్లల బండ్లు తోసేవాళ్లు. అదే రోడ్డు మీద పైనుంచి రైడర్లు కూడా కిందున్న టీము బస్సుల కోసం దిగుతారు, జాకెట్ వేసుకుని, నోట్లో విజిల్ పెట్టుకుని, మన ఆటోవాడి హారన్ కంటే ఎక్కువ వాయిస్తూ. కుడి పక్కన ఒకే వరసలో నడవమని చెప్పు. ఫోన్లు పనిచేయవు, ఇది గుర్తు పెట్టుకో. కొండ మీద అంతమంది ఉంటే నెట్‌వర్క్ చచ్చిపోతుంది, వాట్సాప్‌లో లొకేషన్ పంపుతా అనుకుంటే అయిపోయావు. పొద్దున బస్సు దిగగానే అందరినీ నిలబెట్టి ఒక గుర్తు చూపించు, చర్చి గంట కావచ్చు, బేకరీ బోర్డు కావచ్చు, ఇక్కడికి ఇన్నింటికి అని చెప్పి ఆ చోటు ఫొటో తీసుకోమను, టైమ్ చేతి మీద పెన్నుతో రాయించు. హోటల్ పేరు, నీ నంబరు, ఎమర్జెన్సీ నంబరు 112 రాసిన కాగితం ఒకటి అందరి జేబులో ఉండాలి. నాతో ఎప్పుడూ ఒక విజిల్, ముదురు గులాబీ రంగు టోపీ ఉంటాయి. ఆ జనంలో పసుపు, ఆరెంజ్, చుక్కల టోపీలు వేల కొద్దీ ఉంటాయి, గులాబీ తక్కువ.

తెర వెనక చూపిస్తామని నీ కంపెనీ చెప్పి ఉంటుంది, టీము హోటల్ విజిట్ లాంటిది. సాయంత్రం హోటల్ పార్కింగ్‌లో మెకానిక్‌లు సైకిళ్లన్నీ సబ్బు నురగతో కడిగి, చైన్లు తుడిచి, మళ్లీ ఒక్కొక్క గేరూ వేసి చూస్తారు. వాషింగ్ మిషన్ ట్రక్కులోనే తిరుగుతుంటుంది, పెద్ద టీములకైతే వంట ట్రక్కు, వంటవాడు సొంతం. నిజంగా చూడదగ్గది ఇదే, నాకైతే రేసు కంటే ఇదే ఇష్టం. కానీ వాళ్లది ఆఫీసు పని, ఇంకో ఆరేడు రోజులు మిగిలి ఉంటుంది, అలసిపోయి ఉంటారు. సైకిల్ ముట్టుకోవద్దు, మెకానిక్ పని చేసే చాప దాటొద్దు, రైడర్ తింటుంటే వెళ్లొద్దు. జబ్బు అంటుకుంటుందని చేతులు కలపడానికి చాలామంది ఇష్టపడరు, మనవాళ్లకు అది సులువు, దండం పెట్టమను. ఫొటో ఒక్కటి, గ్రూపుగా, పది సెకన్లలో. గ్రూపులో ఒకాయన సైకిల్ బరువు ఎంత, వాట్స్ (రైడర్ తొక్కే బలం) ఎంత అని మెకానిక్‌ని గంట ప్రశ్నలు వేస్తాడు, ప్రతి గ్రూపులో ఒకాయన ఉంటాడు, ఆయన్ని నువ్వే మాటల్లో పెట్టి లాక్కురావాలి.

ఇక ఒప్పుకోవాలా వద్దా. కాంట్రాక్టులో మొదట వీసా చూడు. టూరిస్ట్ వీసా మీద తీసుకెళ్లి గైడ్ పని చేయిస్తామంటే ఒప్పుకోకు, షార్ట్ స్టే టూరిస్ట్ వీసా మీద అక్కడ ఉద్యోగం చేయకూడదు, పట్టుబడితే నీ పాస్‌పోర్ట్‌కే మచ్చ, కంపెనీకి ఏమీ కాదు. ఏ కేటగిరీలో పంపుతున్నారో మెయిల్‌లో రాసివ్వమను. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, వేసవిలో ఇక్కడ వీఎఫ్‌ఎస్‌లో స్లాట్లకు ఎగబడతారు, ఏప్రిల్‌లో చూద్దాంలే అనే కంపెనీతో వెళ్లకు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకుండా వీసాకే అడుగుతారు, నీది వాళ్లే కడతారా అడుగు. వ్యాన్ నువ్వే నడపాలి అంటే గట్టిగా వద్దను, డబ్బిచ్చిన ప్రయాణికులను ఎక్కించుకుని నడపడానికి అక్కడ వేరే అనుమతులు కావాలి, అలసిపోయి కొండ రోడ్లమీద రాత్రి నడపడం గైడ్ పని కాదు. పారిస్‌లో మ్యూజియంలు, చారిత్రక కట్టడాల లోపల గైడ్‌గా చెప్పడానికి కూడా అక్కడి కార్డు ఉండాలి, రేసు రోడ్డు పక్కన అవసరం లేదు. ఇరవై మందికి నువ్వొక్కడివే అయితే రెండో మనిషిని అడుగు, బేరం ఏమీ లేదు, ఒకరికి కాలు బెణికి ఆస్పత్రికి వెళ్తే మిగతా పంతొమ్మిది మందిని ఎవరు చూస్తారు? హోటళ్లు ఫినిష్‌కి ఎంత దూరం, రోజు కూలీ ఎంత, విశ్రాంతి రోజు నీకూ విశ్రాంతేనా లేక ఆ రోజు ఐఫిల్ టవర్ చూపించాలా, ఇవి కూడా.

ఫ్రెంచ్ బాగా రావాలా అంటే, రానక్కర్లేదు, పోలీసుతో, ఫార్మసీలో, బేకరీలో మాట్లాడేంత వస్తే చాలు. అంతకంటే జనాన్ని సంబాళించడం రావాలి. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి వాలంటీరుగా పేరివ్వు, నీళ్ల స్టేషన్ వద్దు, జంక్షన్ దగ్గర మనుషుల్ని ఆపే డ్యూటీ అడుగు. ఆఫీసుకు ఆలస్యమైన బైకువాడిని నాలుగు గంటలు మర్యాదగా ఆపగలిగితే నీకు ఈ పని వచ్చినట్టే. కానీ నీ ట్రిప్పు జులైలో కదా, అప్పటిదాకా ఆగలేకపోతే నీ క్లబ్ వాళ్ల వికారాబాద్ రైడ్‌లో నువ్వు తొక్కకుండా సపోర్ట్ కారులో చివర ఉండి, అనంతగిరి ఎక్కలేక ఆగిపోయినవాళ్లను సాయంత్రం దాకా వెనక్కి తెచ్చే పని చెయ్యి. రేసు కావాలంటే 2026 జనవరిలో పుణెలో యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) క్యాలెండర్‌లో ఉన్న ఐదు రోజుల స్టేజీ రేసు జరిగింది, పుణె గ్రాండ్ టూర్ అని, ఇలాంటివి మళ్లీ జరిగితే రాత్రి రైలెక్కి వెళ్లి రోడ్డు మూసివేతలు ఎలా జరుగుతాయో ఒక రోజు చూసిరా, రైడర్లను కాదు, పోలీసులనూ మార్షల్స్‌నూ.

గ్రూపులో వయసులు, సైకిల్ తొక్కేవాళ్లు ఎంతమంది, ఏ స్టేజీలు అన్నది నువ్వు రాయలేదు. తొక్కేవాళ్లు ఉంటే కథ మారుతుంది, పొద్దున్నే వాళ్లు కొండ ఎక్కాలి, మధ్యాహ్నానికి పోలీసు దిగి నడవమంటాడు, వాళ్లకు విడిగా ఒక మనిషి కావాలి. అది, కాంట్రాక్టులో పని వివరాలు రాసిన పేజీ ఇక్కడ పెట్టు, కంపెనీ పేరు, నంబర్లు కొట్టేసి. ఈ వారంలో చూసి చెప్తా.